దిబ్బకి తగ్గ ట్రాక్టరు

మా ఆయన గల్ఫు నుంచి వచ్చి దిబ్బ కొన్నప్పుడు ఊళ్ళో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎవరు అమ్మారు, ఎందుకు అమ్మారు, ఇంతమంది ఉండగా మనకే ఎందుకు అమ్మారు అని అడిగాను. నా గుణమే అంత. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడకుండా కొనను. ఊపి చూశాక కూడా, ఆ కాయ ఇచ్చినవాడి మొహం ఒకసారి చూస్తాను.

కోనసీమంతా చదును. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూస్తే తప్ప మెరకేదో పల్లమేదో తెలియని నేల. మా రాజోలు వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ మాత్రం అక్కడక్కడా ఇసుక దిబ్బలుంటాయి. మేం కొన్నది అలాంటి దిబ్బ. నీళ్ళు నిలవవు, వరి పండదు. ఒకపక్క మెల్లగా వాలు. ఇంకోపక్క ఎవరో ఎప్పుడో ఇసుక తవ్వుకుపోయారు కాబట్టి వాలు బాగా ఎక్కువ. నాలుగు జీడిమామిడి చెట్లు, కింద అంచున కొబ్బరి వరస. వానలు పడితే మాత్రం దిబ్బ నిండా నడుమెత్తు గడ్డి లేచేది. మా ఆయన చూసింది ఆ గడ్డినే. అక్కడ గుర్రాల్ని పెంచుతానన్నారు.

అది మరీ పిచ్చి ఆలోచనేం కాదు. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి అమలాపురంలో పెళ్ళికొడుకుల్ని గుర్రమెక్కించి ఊరేగించే సరదా మొదలైంది. ఎవరింట్లో పెళ్ళి వీడియో వేసినా గుర్రం కనపడాలి. గుర్రం కావాలంటే రాజమండ్రి దాకా కబురు పంపాలి. మా ఆయన కువైట్‌లో పనిచేసింది గుర్రాల ఫారంలో. గుర్రం ఏం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, చెవులు వెనక్కి వాలిస్తే ఏమనుకుంటుంది అన్నీ తెలుసు. ముందు ఒక తెల్ల ఆడగుర్రం వచ్చింది. తర్వాత ఎర్రది.

నేను ఆ తెల్లదాని దగ్గరకి వెళ్ళలేదు. పిల్లల్నీ వెళ్ళనివ్వలేదు. ఎందుకంటే గుర్రం అనే జంతువు మా ఇంటికి చేసిన పని నాకు తెలుసు. అక్కడ ఫారంలో ఒక గుర్రం మా ఆయన్ని తన్నింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల ఇనప రాడ్డు వేశారు. ఆ కబురు నాకు మలికిపురం టెలిఫోను బూతులో, గాజు తలుపు వెనకాల నిలబడి ఉండగా తెలిసింది. ఆయన గొంతు సన్నగా వినిపించింది. "గుర్రం తన్నిందే. పెద్దదేం కాదు. ఎముకే కదా, అతుక్కుంటుంది." అతుక్కుంది గానీ, కుడికాలు కాస్త ఈడుస్తూ ఇంటికొచ్చారు. అలాంటి మనిషి మళ్ళీ గుర్రాన్నే కొనుక్కొచ్చి దాని మెడ నిమురుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ తెల్లది పెద్ద పెద్ద కళ్ళతో నంగనాచిలా నన్ను చూసేది. నేను దాని కాళ్ళవైపే చూసేదాన్ని.

అయినా గుర్రాన్ని భరించాను. ఎందుకంటే గుర్రం కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది నాకు. ఈయన మళ్ళీ వెళ్ళిపోతారేమోనని.

అంతకుముందు రెండుసార్లు వచ్చేశారు. రెండుసార్లూ "ఇంక వెళ్ళను" అన్నారు. రెండుసార్లూ ఒక పొద్దున్న కొత్త బ్యాగుతో రాజోలు బస్టాండులో నిలబడ్డారు. మూడోసారి కూడా అదే మాట అన్నారు. ఆ మాట నమ్మడానికి నేనేమైనా పసిపిల్లనా? అందుకే ఆయన వచ్చిన వారంలోనే బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బియ్యం డ్రమ్ములో అడుక్కి తోసేశాను. ఎసట్లోకి బియ్యం తీసినప్పుడల్లా మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఉందా లేదా అని తడిమి చూసుకునేదాన్ని.

ట్రాక్టరు ఆలోచన నాదే. ఇది ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీనిమీదే నడిచింది.

దిబ్బ మీద గడ్డి కోయడానికి కూలీలు దొరికేవారు కాదు. దొరికినా, ఇసుక వాలు మీద వంగి కొడవలి ఆడించడం వాళ్ళకి అలవాటు లేదు. గడ్డిలో పల్లేరు పెరిగిపోయి గుర్రాల గిట్టల మధ్య ముళ్ళు దిగేవి. ఈయనేమో అప్పట్లో ఫోనులో ఎన్నోసార్లు చెప్పారు. అక్కడ చిన్న ట్రాక్టరు ఉంటుందట, వెనకాల గడ్డి కోసే మిషను తగిలిస్తారట, ఆయనే నడుపుతారట, పచ్చికంతా దువ్వినట్టు పడుకుంటుందట. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వం నేను మర్చిపోలేదు. అదే పట్టుకున్నాను.

"మనమూ చిన్న ట్రాక్టరు కొందామండీ. గడ్డి మిషను కూడా. మీకు నడపడం వచ్చు కదా."

"చూద్దాంలే" అన్నారు ఆయన.

నా లెక్క వేరు. గుర్రాన్ని అమ్మేయచ్చు, దిబ్బని కౌలుకివ్వచ్చు. ట్రాక్టరు కొన్న మగవాడు మాత్రం ఊరు వదలలేడు. మా అన్నయ్యని చూసి నేర్చుకున్నాను. అన్నయ్యది రాయవరం. వరి రైతు, తన ట్రాక్టరుతో చుట్టుపక్కల చేలన్నీ దమ్ము చేస్తాడు. ఆ ట్రాక్టరు కొన్నాక మా ఇంటికొచ్చి ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. పొద్దున్న డీజిలు, మధ్యాహ్నం బెల్టు, సాయంత్రం ఇంకెవడిదో చేను. అలాంటి తాడు ఒకటి మా ఆయన మెడలో కూడా పడాలని నా కోరిక. ట్రాక్టరు కొంటే ఉంటారు, కొనకపోతే వెళ్తారు. నా మనసులో అంతే, మూడో దారి లేదు.

అన్నయ్యని తోడు తీసుకుని షోరూములు తిరగడం మొదలుపెట్టాం. అప్పుడే ఈ చిన్న ట్రాక్టర్లు మా వైపుకి వస్తున్నాయి. మా అన్నయ్యకి ట్రాక్టరు గురించి ఒకే ఒక్క ప్రశ్న.

"ఇది దిగబడుద్దా, దిగబడదా? అదొక్కటి చెప్పండి."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బురదలో ట్రాక్టరు దిగబడడం తప్ప వేరే ప్రమాదం చూసిన మనిషి కాదు. షోరూము ఏజెంటుకి కూడా ఆ ప్రశ్నే తెలుసు, దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది.

"ఆయ్, దిగబడదండి. చాలా తేలికండి బాబూ. మీరు చెరువులో వదిలినా తేలుద్దండి. పైగా సన్నం కదండీ, కొబ్బరిచెట్ల సందులోంచి పాములా వెళ్ళిపోద్దండి."

ఆ ఏజెంటు నాకు నచ్చలేదు. అడక్కుండానే కూల్‌డ్రింకు తెప్పించాడు. నాకు ఇచ్చేటప్పుడు "అమ్మగారండీ" అని, మా ఆయనకి ఇచ్చేటప్పుడు "సార్" అని, అన్నయ్యకి ఇచ్చేటప్పుడు చెయ్యి భుజం మీద వేసి "అన్నగారండీ" అన్నాడు. అంత తొందరగా బంధుత్వం కలిపేవాణ్ణి ఎలా నమ్మడం? నేను ఆ డ్రింకు తాగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందర్నీ గమనిస్తూ ఉన్నాను. షోరూములో ఆడవాళ్ళతో ఎవరూ మాట్లాడరు కాబట్టి గమనించడానికి కావలసినంత తీరిక.

అలా గమనిస్తుండగా కనిపెట్టాను. మా ఆయన ట్రాక్టరు ఎక్కడం లేదు.

చుట్టూ తిరుగుతారు. వంగి కింద చూస్తారు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు పట్టుకున్నట్టు టైరు మీద చెయ్యి పెడతారు. ఒక చక్రానికీ ఇంకో చక్రానికీ మధ్య దూరం జానలు వేసి చూస్తారు. ఎక్కరు. ఏజెంటు తాళం చేతిలో పెట్టి "ఎక్కండి సార్, ఒక రౌండు వెయ్యండి" అంటే తాళం తిరిగి ఇచ్చేసి "గేరు గట్టిగా ఉందండీ" అన్నారు. ఎక్కకుండా గేరు గట్టిగా ఉందని ఎలా తెలిసింది? కొత్తపేటలో ఇంకొకటి చూస్తే "సీటు ఎత్తుగా ఉంది" అన్నారు. అన్నయ్య అది దిగబడదని తేల్చేశాడు, అయినా ఈయన తల అడ్డంగా ఊపేశారు.

గడ్డి మిషను దగ్గర మాత్రం ఉత్సాహంగా మాట్లాడారు. రెండు రకాలున్నాయట. ఒకటి రేకు కింద బ్లేడు గిరగిరా తిరిగేది. ఇంకొకటి దువ్వెనలా పళ్ళున్న పొడుగాటి బ్లేడు, పక్కకి చాచుకుని కోసేది. ఏజెంటు మొదటిదాన్ని అంటగట్టాలని చూశాడు.

"అది కలుపుకి పనికొస్తుంది గానీ గుర్రాల గడ్డికి పనికిరాదండీ," అన్నారు మా ఆయన. "గడ్డిని తుక్కుతుక్కు చేస్తుంది. ఆ తుక్కు కుప్పపడితే వేడెక్కిపోతుంది. అది తింటే గుర్రానికి కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు, తెలుసా మీకు? కడుపులోకి వెళ్ళింది వెళ్ళిందే. ప్రాణం మీదకొస్తుంది. ఈ పళ్ళ బ్లేడయితే గడ్డిని నిలువునా కోసి పడుకోబెడుతుంది."

ఇన్ని తెలిసిన మనిషి సీటు మీదకి ఎందుకు ఎక్కడు? బస్సులో ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. ముందు, ఈయనకి అసలు నడపడమే రాదేమో, అక్కడ పేడ ఎత్తుతూ నాకు ట్రాక్టరు కబుర్లు చెప్పారేమో అనుకున్నాను. అదయితే పరవాలేదు, నేర్చుకోవచ్చు. కానీ నా బుద్ధి అక్కడ ఆగలేదు. కొనడం ఇష్టం లేక వంకలు పెడుతున్నారు, కొనడం ఎందుకు ఇష్టం లేదంటే ఉండడం ఇష్టం లేదు. అంతే, ముడి దొరికిందనుకున్నాను. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టాను. పాస్‌పోర్టు ఉంది.

తర్వాత కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాశాను. మలికిపురం బూతుకి అన్నయ్యకి ఫోను చేద్దామని వెళ్తే, బూతు నడిపే ఆవిడ నవ్వుతూ అంది.

"మీ ఆయన పొద్దున్నే వచ్చేరండి. కువైట్ మాట్లాడి వెళ్ళేరు. చాలాసేపే మాట్లాడేరండి."

ఆవిడ ముందు మాత్రం తొణకలేదు. "ఆయ్, నాకు తెలుసండి, నేనే చెయ్యమన్నాను" అనేశాను. ఇంటికొచ్చి, ఆయన ఏమైనా చెప్తారేమోనని చూశాను. అన్నం తిన్నారు, గుర్రాల దగ్గరకి వెళ్ళారు, పడుకున్నారు. ఫోను మాటే లేదు.

ఇంకో రోజు బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూశాను. మలికిపురంలో వెల్డింగు షాపు ముందు ఈయన గొంతుకూర్చుని, ఒక తీగని వంచి షాపాయనకి ఏదో చూపిస్తున్నారు. వెల్డింగు షాపులో ఏం పని? సామాను పట్టుకెళ్ళడానికి ఇనప పెట్టె చేయించుకుంటున్నారేమో అనుకున్నాను. గల్ఫుకి ఇనప పెట్టె పట్టుకెళ్ళేవాడు ఎవడూ ఉండడని నాకూ తెలుసు. అనుమానం వచ్చిన మనిషికి అవన్నీ ఎక్కడ తోస్తాయి! అడిగితే అబద్ధం చెప్తారని అడగలేదు. నిజం చెప్తారేమోనని కూడా అడగలేదు.

ఇక తేల్చేద్దామని నేనే ఏజెంటుకి కబురు పెట్టాను. ట్రాక్టరూ, గడ్డి మిషనూ మా దిబ్బ మీదకే తెచ్చి చూపించమన్నాను. వానలు వెనకపట్టాక ఒక ఉదయం వ్యాను మీద వేసుకుని తెచ్చాడు. అన్నయ్య స్కూటరు మీద వచ్చాడు. తెల్ల గుర్రం కింద కొబ్బరిచెట్టుకి కట్టేసి ఉంది. గడ్డి గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

మా ఆయన వచ్చి ట్రాక్టరుని చూడగానే అన్నారు.

"వెనక చక్రాలు విప్పి తిరగేసి బిగించండి. వెడల్పు రావాలి."

ఏజెంటు నవ్వాడు. "సార్, ఇక్కడ అందరూ లోపలికే పెట్టించుకుంటారండి. వెడల్పు చేస్తే కొబ్బరి వరసలో తిరగదు కదండీ."

"అవును బావగారూ," అన్నాడు అన్నయ్య. "సన్నంగా ఉండడమే దీని అందం." మడమతో ఇసుకని రెండు దెబ్బలు కొట్టి చూసి, "నేల గట్టిదే. దిగబడదు" అని తీర్పు ఇచ్చేశాడు.

"దిగబడడం గురించి కాదండీ," అన్నారు ఈయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ వంక. ఇన్నాళ్ళు గేరన్నారు, సీటన్నారు, ఇప్పుడు చక్రాలు తిరగేయాలట. అన్నయ్య ఉన్నాడనీ, పరాయివాడు ఉన్నాడనీ చూడకుండా అనేశాను.

"ముందు మీరు ఎక్కండి. ఎక్కి ఒక్కసారి తిప్పండి. ఆ తర్వాత ఎన్ని వంకలు పెడతారో పెడుదురుగాని. అన్నేళ్ళు నడిపానన్నారు కదా, మాకూ చూపించండి."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

"నేను ఎక్కను," అన్నారు.

ఏజెంటు ఇలాంటి గొడవలు ఎన్ని చూశాడో, "నేను చూపిస్తాను కదండీ, మీరు చూస్తూ ఉండండి" అని గబుక్కున ఎక్కి స్టార్టు చేశాడు. గడ్డి మిషను పళ్ళ బ్లేడు పక్కకి చాచింది. నిజం చెప్పొద్దూ, వాలు తక్కువున్న వైపు అది గడ్డి కోస్తుంటే ముచ్చటేసింది. గడ్డి ఒక పక్కకి వరసగా వాలిపోతోంది. ఇటు తిరిగి వచ్చేటప్పుడు ఇంకా బాగా కనపడుతుందని నేను ఇసుక తవ్వేసిన వైపు కిందకి దిగి, పైకి చూస్తూ నిలబడ్డాను. ఏజెంటుకి హుషారు వచ్చింది. ట్రాక్టరుని తిప్పి, ఆ నిటారు వాలు మీద అడ్డంగా తోలుకొచ్చాడు. మా చేలల్లో ఎలా తోలుతారో అలాగే, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి.

మా ఆయన అరిచారు. అది తెలుగు కాదు. అరబ్బీ మాట. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కాలు ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ నా వైపు పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. ఇద్దరం ఇసుకలో బోర్లాపడ్డాం. తలెత్తి చూసేసరికి ట్రాక్టరు పై చక్రం నేల మీద లేదు. గాల్లో తిరుగుతోంది. ఏజెంటు పైవైపుకి దూకేశాడు. ట్రాక్టరు నెమ్మదిగా, ఏమీ తొందర లేనట్టు, కిందకి ఒరిగి జీడిమామిడి మొద్దుకి ఆనుకుని ఆగిపోయింది. అన్నయ్య పరుగెత్తి తాళం తీసేశాడు.

ఆ చెట్టు లేకపోతే అది వచ్చి పడేది నేను నిలబడిన చోటే.

అన్నయ్య నోరు తెరుచుకుని ట్రాక్టరుని చూస్తూ, "దిగబడలేదే! దిగబడకుండానే..." అని అక్కడే ఆగిపోయాడు. దిగబడకుండా ట్రాక్టరుకి ఏదైనా అవుతుందని ఆ మనిషికి అంతవరకూ తెలియదు. ఏజెంటుకి దెబ్బలేం తగల్లేదు గానీ మొహం తెల్లగా పాలిపోయింది. "అండీ" అనడం కూడా మర్చిపోయాడు. ఇద్దరూ తాళ్ళూ మనుషుల్నీ తీసుకురావడానికి ఊళ్ళోకి వెళ్ళారు.

మా ఆయన ఇసుకలో కూర్చునే ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"నన్ను గుర్రం తన్నలేదే," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ట్రాక్టరు పడింది. ఇలాగే. గుర్రాల్ని పరిగెత్తించడానికి మట్టి పోసి కట్టిన దిబ్బలు ఉండేవి అక్కడ. వాటి మీద గడ్డి. బోల్తా పడినా నడిపేవాడు కింద నలిగిపోకుండా సీటు వెనకాల ఇనప కమాను ఉండేది. ఖర్జూరం మట్టలు తగులుతున్నాయని మా సూపరువైజరు దాన్ని విప్పించేశాడు. ఆ రోజు ఒక చక్రం నీళ్ళ గొట్టం ఎక్కింది. నెమ్మదిగా ఒరిగింది. దూకేయచ్చులే అనుకున్నాను. దూకలేకపోయాను."

"మరి గుర్రం అన్నారెందుకు?"

"ట్రాక్టరు మీద పడిందంటే నువ్వు నన్ను అక్కడ ఉండనిస్తావా? ఆ బూతులోనే ఏడుపు మొదలెట్టి, వెంటనే వచ్చెయ్యమనేదానివి. గుర్రం తన్నిందంటే ఎముకే కదా అనుకుంటావని."

"సరే. వచ్చాక చెప్పచ్చు కదండీ. ఈ ట్రాక్టరు కొందామని నేను ప్రాణం తీస్తుంటే ఒక్కసారి చెప్పచ్చు కదా."

ఆయన చాలాసేపు గడ్డి పరకలు తెంపుతూ ఉన్నారు.

"చెప్తే మిగతాది కూడా చెప్పాలి. ఈ తుంటితో నన్ను మెడికల్లో ఎవడు పాస్ చేస్తాడే? నేనింక ఎక్కడికీ వెళ్ళలేను. నువ్వేమో రోజూ బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసుకునేదానివి. వెళ్ళగలిగిన మనిషినే అనుకుంటున్నావు కదా, పోనీ అలాగే అనుకోనీలే అని ఊరుకున్నాను."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు. ఆయన ఎక్కడికీ పోరు, పోలేరు. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఎన్ని రాత్రులు హాయిగా నిద్రపోయేదాన్ని! ఆయన్ని ఇంట్లో కట్టేసుకోవడానికి నేను వెతికి వెతికి తెచ్చిన తాడు, ఆయన తుంటి విరగ్గొట్టిన మిషను. పైగా నలుగురి ముందూ ఎక్కమన్నాను. ఆయన ఎక్కనన్నారే గానీ, ఎందుకో చెప్పలేదు. చేతకానివాడిగా కనపడడం కన్నా, పెళ్ళాన్ని వదిలి పారిపోయేవాడిగా కనపడడమే నయమనుకున్నాడు ఈ మహానుభావుడు.

"కువైట్‌కి ఫోను ఎందుకు చేశారు?" అని అడిగాను. వదలను కదా.

"ఆ ఇనప కమాను కొలతల కోసం. నా చోట్లో ఇప్పుడు పనిచేస్తున్నవాణ్ణి అడిగాను. అదే తీగతో వంచి వెల్డింగు షాపాయనకి చూపించాను."

"అయితే ఇన్నాళ్ళూ కొందామనే ఉన్నారా?"

"నువ్వు అడిగావు కదా," అన్నారు.

"వద్దు. ట్రాక్టరూ వద్దు, మిషనూ వద్దు. గడ్డి నేనే కోస్తాను కొడవలితో."

"నువ్వు కోసిన గడ్డి ఆ తెల్లదానికి ఒక పూటకి చాలదు," అని మొదటిసారి నవ్వారు. "కొందాం. కానీ నా పద్ధతిలో."

ఆయన పద్ధతిలోనే కొన్నాం. అదే కంపెనీది కాదు. దానికన్నా సీటు కిందకి ఉన్నది, చక్రాలు తిరగేసి బిగించడానికి వీలైనది, పైకి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేవకుండా ముందువైపు బరువులు తగిలించుకోవడానికి కొక్కేలున్నది. మిషను పళ్ళ బ్లేడుదే. మలికిపురంలో చేయించిన ఇనప కమాను సీటు వెనకాల నిలబెట్టారు. దాన్ని చూసి అన్నయ్య "కొబ్బరి మట్టలు తగుల్తాయి బావగారూ" అన్నాడు. "మట్టలు నరుకుదాం బావగారూ, కమాను మాత్రం విప్పం" అన్నారు ఈయన. అయినవిల్లి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కమానుకి బంతిపూల దండ చుట్టారు. గుడి దగ్గర ఎవరో "పందిరేంటండీ, ట్రాక్టరుకి పెళ్ళా?" అని నవ్వారు. నేను దండ ఊడిపోకుండా ఇంకో ముడి వేశాను.

ఇంటికొచ్చి డ్రమ్ములోంచి పాస్‌పోర్టు తీసి, తవుడు దులిపి, బీరువాలో పెట్టాను. ఆయన చూశారు.

మర్నాడు పొద్దున్న దిబ్బ మీదకి వెళ్ళాం. ఆయన ట్రాక్టరు ముందు చాలాసేపు నిలబడ్డారు. కుడికాలు చేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టుకుని, ఎక్కి కూర్చున్నారు. కమానుని పట్టుకుని ఊపి చూశారు. నేను కూడా ఊపి చూశాను, నా నమ్మకం నాది. ఇంజను స్టార్టు చేసి, వాలు తక్కువున్న వైపు నుంచి నిలువునా పైకి వెళ్ళారు. దిబ్బ మీదకెక్కి ఆగి, ఇటు తిరిగి, కిందకి చూస్తూ కూర్చున్నారు. కదల్లేదు. ఇక దిగి వచ్చేస్తారనుకున్నాను. దిగినా నేను ఏమీ అనకూడదనుకున్నాను.

పైనించి కేకేశారు. "ఆ తెల్లదాన్ని విప్పి అటు పక్కకి తీసుకుపోవే. వాలుకి కింద ఉంది."

చుట్టూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు. కొబ్బరిచెట్టు దగ్గరకి వెళ్ళి ముడి విప్పాను. గుర్రం తల వంచి నా చెయ్యి వాసన చూసింది. దాని ఊపిరి వెచ్చగా ఉంది. తాడు పట్టుకుని నడిచాను, అది నా వెనకాలే వచ్చింది. మేం పక్కకి తప్పుకునేదాకా ఆయన ఆగి, అప్పుడు గేరు వేశారు. గడ్డి వరసగా వాలడం మొదలైంది.

నేను నడుస్తూనే మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, దాని కాళ్ళు చూసుకున్నాను.